నాన్నగారు ఖాళీగా ఉంచిన గడులు

నాన్నగారు ప్రభువునందు నిద్రించి వచ్చే నెలకు ఏడాది అవుతుంది. ఆ రోజున ఇక్కడి మా తెలుగు సంఘంలో జ్ఞాపకార్థ కూటం పెట్టుకుని, అదే ఆరాధనలో మా అమ్మాయి బాప్తిస్మం కూడా జరిపిస్తే ఆయనకు అంతకన్న తగిన నివాళి ఉండదనుకున్నాను. పాస్టరు గారు సరేనన్నారు, మావారూ సరేనన్నారు. పద్నాలుగేళ్ల మా అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "తాతయ్య కోసం పాట పాడమంటే పాడతాను, మాట్లాడమంటే మాట్లాడతాను. ఆయన కోసమని బాప్తిస్మం మాత్రం తీసుకోనమ్మా. అది తాతయ్యకే నచ్చదు" అంది.

నచ్చదన్నది నిజం. నాన్నగారు ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకపోవడం, తెలివి వచ్చాక తన విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకున్నవారినే నీళ్లలో ముంచడం బాప్టిస్టులకు ప్రాణంతో సమానమైన సంగతి. తండ్రి భక్తి కొడుకు లెక్కలోకి రాదని నాన్నగారు సంఘ పెద్దగా ఎందరికో చెప్పారు, మాకూ చెప్పారు.

మా వైపు బాప్టిస్టు కుటుంబాల్లో 1878 జూలై 3 గురించి వినకుండా పెరిగిన పిల్లలు అరుదు. ఆ రోజు వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారు. ఈ కథ చెప్పేవారంతా ఆ సంఖ్య దగ్గర గొంతు పెంచుతారు. నాన్నగారు మాత్రం అంతకు ముందు జరిగినదాన్నే నింపాదిగా చెప్పేవారు. 1876లో మొదలైన కరువులో, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆ సహాయం నడుస్తున్నంత కాలం, బాప్తిస్మం కావాలని ఎందరు వచ్చి అడిగినా ఆయన ఇవ్వలేదు. తిండి కోసం కలిశారన్న మాట ఆ మనుషుల మీద పడకూడదని ఆగారు. "అంతమంది అడుగుతుంటే ఆగగలిగాడు చూడు, అదీ సంగతి" అని నాన్నగారు కథ ముగించేవారు.

ఆయనా అలాగే ఆగారు. ఆయన బైబిలు మొదట్లో ఉన్న తెల్ల కాగితం మీద స్కేలు పెట్టి గీసిన పట్టిక ఒకటి ఉంది. మొదటి గడిలో పేరు, రెండో గడిలో పుట్టిన తేదీ, మూడో గడిలో బాప్తిస్మం తేదీ. పిల్లలు, అల్లుళ్లు, కోడళ్లు, మనవలు అందరూ అందులో ఉన్నారు. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ పేజీ తెరిచి, వేలు పెట్టుకుంటూ ఒక్కొక్క పేరే దేవుడికి చెప్పేవారు. మేం దేశం దాటి వచ్చాక శనివారం రాత్రి ఫోనులో కూడా అదే వరుస. మా పేర్లు వచ్చేసరికి మాత్రం కాస్త నెమ్మదించేవారు. మా అమ్మాయి పేరు పక్కన మూడో గడి ఖాళీగా ఉంది. మా తమ్ముడిదీ ఖాళీయే.

తమ్ముడి సంగతి చెప్పకుండా నాన్నగారి సంగతి పూర్తి కాదు. సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభురాత్రి భోజనం రోజున రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య నడిచేది నాన్నగారే. బాప్తిస్మం పొందనివారికి అందులో పాలు లేదు. పాతికేళ్లు దాటిన కొడుకు బల్ల చివర కూర్చుని ఉంటే, పళ్లెం అతన్ని దాటించి పక్కవారికి అందించి, ఖాళీగా ఉన్న రెండో చేతిని వాడి భుజం మీద ఒక్క క్షణం ఉంచి ముందుకు వెళ్లేవారు. ఇంటికొచ్చాక ఆ ప్రస్తావన ఉండేది కాదు. భోజనానికి వాణ్ణే పక్కన కూర్చోబెట్టుకునేవారు.

పిల్లలను తొందరపెట్టవద్దని, ఆదివారం బడికి తీసుకువెళ్లడం వరకే మన పని అని మా సంఘంలోని చిన్న తల్లులకు నేనే చెబుతుంటాను. సొంత కూతురి దగ్గరకు వచ్చేసరికి మాత్రం తేదీతో సహా నేనే నిర్ణయించాను. ఎందుకని ఆలోచిస్తే భయమే కనిపిస్తోంది. అప్పట్లో ఆగింది నాన్నగారు ఒక్కరే కాదు. ఆయనతోపాటు గుడి గంట, పక్కింటి మామ్మ ప్రార్థన, క్రిస్మస్ ముందు రాత్రుల్లో ఇల్లిల్లూ తిరిగే పాటల బృందం, ఊరి సంఘమంతా ఆగింది. ఇక్కడ వారానికి ఒక పూట ఆరాధన, మిగిలిన వారమంతా నేను. పైగా మా అమ్మాయి స్నేహితుల్లో కొందరు ఇక్కడి బాప్టిస్టు చర్చిల్లో ఎనిమిదేళ్లకే బాప్తిస్మం తీసుకున్నారు. ఈ దేశంలో నేను నోరు మూసుకుని కూర్చుంటే అది నాన్నగారి ఓర్పు అవుతుందో, నా నిర్లక్ష్యం అవుతుందో తెలియడం లేదు.

ఈ విషయం తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. వాడు వెంటనే మేనకోడలి పక్షం తీసుకుంటాడనే అనుకున్నాను. వాడు కాసేపు ఊరుకుని, "నాన్న నన్ను ఒక్కసారైనా అడుగుతారేమోనని చాలా ఏళ్లు చూశానక్కా. అడిగితే ఏమనేవాణ్ణో తెలియదు గాని, అడగాలని మాత్రం ఉండేది" అన్నాడు.

నాన్నగారి మౌనంలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. కాని అది వాడికి ఎలా వినిపించిందో ఇన్నేళ్లలో నాకు తట్టనే లేదు. అమ్మాయి బాప్తిస్మం ఆ రోజు ఉండదని పాస్టరు గారికి చెప్పేశాను. దాన్ని మళ్లీ ఎప్పుడైనా అడగాలా, అదే వచ్చి చెప్పేదాకా ఉండాలా అన్నది ఇంకా తేలలేదు. కూటం అనుకున్న రోజునే పెడుతున్నాం. తమ్ముడు కూడా వస్తానన్నాడు.