తినకూడని చేపలున్న వాగు

పెన్సిల్వేనియాలో స్టేట్ కాలేజ్ అనే ఊరి చుట్టుపక్కల ట్రౌట్ అనే చేప దొరికే వాగులు బోలెడున్నాయి. పెన్స్ క్రీక్ ఉంది, స్ప్రూస్ క్రీక్ ఉంది, ఫిషింగ్ క్రీక్ ఉంది. కానీ ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్ళెవరైనా ఎక్కడికెళ్ళాలని అడిగితే నేను ముందు చెప్పేది స్ప్రింగ్ క్రీకే. ఊరిని ఆనుకుని పారుతుంది, కారు ఆపి నాలుగడుగులు వేస్తే నీళ్ళ దగ్గరుంటాం. ఒక్కటే షరతు, ఇందులో పట్టిన చేపని చంపకూడదు, ఇంటికి తెచ్చుకోకూడదు. ఆ రూల్ ఎందుకొచ్చిందో తెలిశాక ఈ వాగంటే నాకు ఇంకా ఇష్టం పెరిగింది.

ఈ ఊరి దగ్గర ఒకప్పుడు ఒక కెమికల్ ఫ్యాక్టరీ నడిచేది. అక్కడి నుంచి కెపోన్, మైరెక్స్ అనే పురుగుమందులు భూమిలోకి దిగి, ఒక ఊట ద్వారా వాగులో కలిశాయి. రెండూ తొందరగా విరిగిపోయే మందులు కావు. బురదలో ఉండిపోతాయి, చేప కొవ్వులో పేరుకుంటాయి. చేప మాత్రం మామూలుగానే ఈదుతూ ఉంటుంది, ప్రమాదం తిన్నవాళ్ళకి. అందుకని 1982లో రాష్ట్ర ఫిష్ కమిషన్ హేచరీల్లో పొదిగించి పెంచిన చేపలు తెచ్చి వదలడం ఆపేసి, వాగులో చాలా భాగానికి పట్టిన చేపని వదిలెయ్యాలనే రూల్ పెట్టింది. జనాన్ని ఆ చేప తిననివ్వకుండా చూడటమే వాళ్ళ ఉద్దేశం. కానీ చంపేవాళ్ళు లేకపోవడం, పైనుంచి తెచ్చి పోసే చేపల పోటీ తగ్గడంతో అప్పటికే ఉన్న బ్రౌన్ ట్రౌట్లు వాటంతటవే గుడ్లు పెట్టి, పిల్లలు పెరిగి, ఇవాళ ఈ రాష్ట్రంలో బ్రౌన్ ట్రౌట్ సహజంగా పుట్టి పెరిగే మంచి వాగుల్లో ఇది ఒకటైంది. మందు కలిసి మేలు చేసిందని నేను చచ్చినా అనను. మందు కలవకముందే ఆ రూల్ పెట్టి ఉండాల్సింది.

అయితే రూల్ ఒక్కటే సరిపోదు, నీళ్ళు కూడా అలాంటివి ఉండాలి. ఈ లోయ అడుగున సున్నపురాయి ఉంది. వాన నీళ్ళు ఆ రాళ్ళ సందుల్లోంచి ఇంకిపోయి, లోపల చల్లబడి, మళ్ళీ ఊటలుగా పైకొస్తాయి. ఆ ఊట నీరు ఎండాకాలమైనా చలికాలమైనా ఇంచుమించు 10 డిగ్రీల సెల్సియస్‌లోనే ఉంటుంది. చుట్టూ మంచు గడ్డకట్టిన జనవరిలో కూడా స్ప్రింగ్ క్రీక్ ఆవిర్లు కక్కుతూ పారుతూనే ఉంటుంది. సున్నం కలిసిన నీళ్ళు కాబట్టి నాచు బాగా పెరుగుతుంది, నాచులో పురుగులు పెరుగుతాయి, పురుగుల మీద ట్రౌట్ పెరుగుతుంది.

మా నాన్నగారిది భీమవరం దగ్గర చేపల చెరువుల వ్యవహారం. ఫోన్లో నేను వదిలేసిన చేపల గురించి చెప్పినప్పుడల్లా ఆయనది ఒకటే మాట, "తినకపోతే పట్టడం దేనికిరా, దానికీ బాధే, నీకూ టైము దండగ." ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు హౌజర్‌విల్ దగ్గరున్న పార్కుకి తీసుకెళ్ళాను. గట్టు మీద నిలబడి కాసేపు నీళ్ళలోకి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "వీటికి మేత ఎవరేస్తారు?" ఎవరూ వెయ్యరని చెప్పి, ఒడ్డునున్న అరచేయంత రాయి ఒకటి తిరగేసి చూపించాను. రాయి అడుగున బూడిద రంగు చిన్న చిన్న జీవులు పాకుతున్నాయి, క్రెస్ బగ్స్ అంటారు. ఇసుక రేణువులు అతికించుకుని గొట్టం కట్టుకున్న కాడిస్ పురుగులు రెండు మూడు. రాయికి బల్లపరుపుగా అతుక్కుని, మూడు తోకలాడిస్తూ మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు. నాన్నగారు కళ్ళజోడు సరిచేసుకుని ఆ రాయిని చాలాసేపు అటూ ఇటూ తిప్పి, ఎలా ఉందో అలాగే నీళ్ళలో పెట్టారు. తర్వాత నీళ్ళలో చెయ్యి ముంచి, "ఇంత చల్లగా, ఇలా పారుతుంటే ఆక్సిజన్‌కి లోటేముంటుంది" అన్నారు. తెల్లారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేప పైకి తేలుతుందేమోనన్న టెన్షన్‌తో నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర రాత్రుళ్ళు గడిపిన మనిషి ఆయన. ట్రౌట్‌కి చల్లని నీరే ఎందుకు కావాలో నేను విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

మన ఊళ్ళలో గాలానికి ఎర్రని గుచ్చి, బెండు మునిగేదాకా కూర్చుంటాం. ఫ్లై ఫిషింగ్‌లో కూర్చోవడం తక్కువ. ఇక్కడ ఎర అంటే కొక్కేనికి పుంజు మెడ ఈకలు, కుందేలు చెవి బొచ్చు, జింక వెంట్రుకలు దారంతో చుట్టి కట్టిన ఉత్తుత్తి పురుగు, దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువుండదు కాబట్టి విసిరితే పోదు. బరువంతా లైన్‌లో, అంటే లావుపాటి గాలం తాడులో ఉంటుంది, రాడ్‌తో, అంటే గాలం కర్రతో ఆ లైన్‌ని వెనక్కీ ముందుకీ ఆడిస్తే అది ఫ్లైని మోసుకుపోతుంది. లైన్ చివర వెంట్రుకలా సన్నబడే తొమ్మిదడుగుల లీడర్. మొదట్లో అందరి ధ్యాసా దూరంగా విసరడం మీదే ఉంటుంది. నిజానికి స్ప్రింగ్ క్రీక్‌లో చేపలు చాలావరకు ముప్పై అడుగుల లోపే దొరుకుతాయి.

అసలు చిక్కు డ్రాగ్‌తో. వాగులో నీరంతా ఒకే వేగంతో పోదు. మధ్యలో వడిగా, రాయి వెనక నెమ్మదిగా, ఒడ్డున సుడి తిరిగి వెనక్కి కూడా పోతుంది. మన ఫ్లై నెమ్మదిగా ఉన్నచోట పడి, లైన్ వడిగా ఉన్నచోట పడిందనుకోండి, లైన్ ముందుకెళ్ళి ఫ్లైని లాగుతుంది. ఆ లాగుడు ఒక్క అంగుళమున్నా చాలు, నిజం పురుగు అలా కదలదని ట్రౌట్‌కి తెలుసు. కిందనుంచి లేచి, ముక్కు ఫ్లైకి ఆనేంత దగ్గరకొచ్చి, దాంతోపాటే కొంతదూరం వెనక్కి తేలుతూ చూసి, మళ్ళీ కిందికి దిగిపోతుంది. నీళ్ళు అద్దంలా ఉంటాయి కాబట్టి ఇదంతా కంటికి కనిపిస్తుంది. దానికి మందు, లీడర్ తిన్నగా కాకుండా మెలికలుగా పడేలా విసరడం. ఆ మెలికలు విప్పుకునేలోపు ఫ్లై రెండు మూడు సెకన్లు స్వేచ్ఛగా తేలుతుంది. ఇక్కడి పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఫ్లై ఫిషింగ్‌ని క్రెడిట్ కోర్సుగా 1947 నుంచి నేర్పిన జార్జ్ హార్వీ ఇలా మెలికలు పడేందుకే ప్రత్యేకంగా లీడర్లు కట్టేవారు. ఆయన తర్వాత ఆ క్లాసు జో హంఫ్రీస్ చేతికొచ్చింది. ఒక వాగు పక్కనున్న యూనివర్సిటీ ఆ వాగుని చదవడం కూడా ఒక చదువేనని ఒప్పుకుందంటే నాకు గౌరవమనిపిస్తుంది.

మే నెల మధ్యకొచ్చేసరికి సల్ఫర్స్ మొదలవుతాయి. పసుపు రంగు మేఫ్లైలు ఇవి. ఇంచుమించు ఏడాదిపాటు రాళ్ళ కింద బతికి, ఒక సాయంత్రం నీటి పైకొచ్చి రెక్కలు విప్పుకుంటాయి. రెక్కలొచ్చాక తినడానికి నోరు కూడా పనిచెయ్యదు, జతకట్టి గుడ్లు పెట్టడానికి ఒకటి రెండు రోజులు, అంతే. తొలకరి వానకి మన వీధి దీపాల కింద ఉసిళ్ళు లేచినట్టు లేస్తాయి. అప్పటిదాకా ఖాళీగా కనిపించిన మడుగులో ఇక్కడొక వలయం, అక్కడొక వలయం, చీకటి పడేసరికి వాగంతా వలయాలే. ఆ అరగంటలో కంగారుపడి ప్రతి వలయం మీదకీ విసరకండి. ఒక్క చేపని ఎంచుకోండి, అది ఎన్ని క్షణాలకోసారి లేస్తోందో చూడండి, దానికి కాస్త ఎగువన వెయ్యండి.

చేప పడ్డాక చెయ్యి తడుపుకోకుండా ముట్టుకోవద్దు. దాని ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, రోగాల నుంచి కాపాడేది అదే, పొడిచేత్తో పట్టుకుంటే ఊడిపోతుంది. ముల్లు లేని కొక్కెం వాడితే వలలో, నీళ్ళలోనే ఉంచి, వేళ్ళతో ఒక్క తిప్పులో తీసేయొచ్చు. ఆ కాసేపట్లోనే చూడండి, వెన్ను ముదురు గోధుమ రంగు, పొట్ట వెన్నపూస రంగు, పక్కల మీద ఎర్ర చుక్కలు, ఒక్కో ఎర్ర చుక్క చుట్టూ లేత నీలం వలయం.

నాన్నగారన్న "దానికీ బాధే" అన్న మాట మాత్రం నేను కొట్టిపారెయ్యలేదు. వదిలేస్తున్నాం కదా అని చేపకేమీ కాదనుకోవడం తప్పు. అలిసిపోయిన చేపకి ఆక్సిజన్ కావాలి, వెచ్చని నీళ్ళలో అదే తక్కువ. అందుకే జులై, ఆగస్టుల్లో నా జేబులో థర్మామీటర్ ఉంటుంది. నీళ్ళు 20 డిగ్రీలు, అంటే ఇక్కడి లెక్కలో 68 ఫారెన్‌హీట్ దాటితే రాడ్ మడిచేస్తాను. ఇది అందరూ పాటించాలని గట్టిగా చెబుతాను, ఫొటో కోసం చేపని గాల్లో ఎత్తి నిలబడే అలవాటు మానుకోమని కూడా.

ఇంకో సంగతి. బ్రౌన్ ట్రౌట్ ఈ దేశపు చేప కాదు. 1883లో జర్మనీ నుంచి గుడ్లుగా న్యూయార్క్‌కి వచ్చింది. ఇక్కడి సొంత చేప బ్రూక్ ట్రౌట్, పెన్సిల్వేనియా రాష్ట్ర చేప కూడా అదే. బ్రౌన్ ట్రౌట్ ధాటికి, వెచ్చబడ్డ నీళ్ళకి అది కొండల్లోని సన్నని వాగుల్లోకి తగ్గిపోయింది. బ్రౌన్ ట్రౌట్‌ని ఎంత ప్రేమించినా ఈ లెక్క నేను మర్చిపోను, ఆ కొండవాగుల పేర్లు నెట్‌లో రాయను.

ఇక మొదలుపెట్టేవాళ్ళకి. పదహారేళ్ళు నిండితే ఫిషింగ్ లైసెన్సు, దానికి తోడు ట్రౌట్ పర్మిట్ తప్పనిసరి, రెండూ ఆన్‌లైన్‌లోనే కొనుక్కోవచ్చు. చేప తినాలని ఉంటే ఏప్రిల్ మొదటి శనివారం పొద్దున 8 గంటలకి సీజన్ తెరుస్తారు, విప్పుల్ డ్యామ్ లాంటి చెరువుల్లో హేచరీ చేపలు వదులుతారు, మామూలు రూల్ ప్రకారం 7 అంగుళాలు పైబడినవి రోజుకి ఐదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఆ చెరువులే నయం. ఒక్క రోజే టైముండి ట్రౌట్‌ని ఊరికే చూడాలనుంటే బెల్‌ఫాంట్ దగ్గర 1934లో తెరిచిన ఫిషర్‌మెన్స్ ప్యారడైజ్‌కి వెళ్ళండి, అక్కడ ఫ్లైతో మాత్రమే పట్టాలి, నీళ్ళలోకి దిగనివ్వరు, అందుకే చేపలు ఒడ్డుకి దగ్గరగా తిరుగుతుంటాయి. మిగతా చోట్ల అక్టోబరు, నవంబరుల్లో నీళ్ళలో దిగేటప్పుడు మాత్రం కింద చూసుకోండి. గులకరాళ్ళు ఊడ్చినట్టు శుభ్రంగా, చుట్టుపక్కలకన్నా తెల్లగా కనిపిస్తే అది ఆడ ట్రౌట్ తోకతో తవ్వి గుడ్లు పెట్టిన చోటు. పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళండి.