ఒక్క వలకే కౌంటు చెప్పొద్దు

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలు చేసేవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. మేత పడేచోట ఒక్కసారి వల విసిరి, పడినవాటిని తూచి, "ముప్పై కౌంటుకొచ్చేసింది" (అంటే కిలోకి ముప్పై రొయ్యలు) అని బేరగాడికి ఫోన్ కొడితే, పట్టుబడి రోజున గుంటంతా లాగాక యాభై తేలుతుంది. తెలిసిన రైతు నాలుగు మూలలా వేస్తాడు, నడిగుంటలోనూ వేస్తాడు. అన్నీ కలిపి తూచాకే నోరు విప్పుతాడు.

ఆటల అంకెలకీ ఇదే సూత్రం. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ నవంబర్ మొదట్లో మొదలవుతుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్ మార్చి ఆఖర్లో. ఒకటి మనకి వాయుగుండాల కాలం, ఇంకోటి రోహిణికి ముందటి ఉక్కపోత. రెండిట్లోనూ మొదటి మూడు వారాలు చూసి జాతకాలు చెప్పేవాళ్లకి కరువులేదు. ఆ మూడు వారాల్లో నమ్మదగ్గ అంకెలూ ఉన్నాయి, నమ్మకూడనివీ ఉన్నాయి. వాటిని విడదీసుకోవడం తెలిస్తే చాలు.

2019 నవంబర్ చూడండి. ఆ నెలలో రెండు వారాల తేడాతో ర్యాంకుల్లో నంబర్ వన్‌గా ఉన్న రెండు కాలేజీ జట్లు సొంత కోర్టులోనే పడ్డాయి. నవంబర్ 12న రప్ అరీనాలో కెంటకీని ఎవాన్స్‌విల్ 67-64తో ఓడించింది. కెంటకీయే 90,000 డాలర్లు ఇచ్చి పిలిపించుకున్న జట్టు అది. పెద్ద కాలేజీలు చిన్న కాలేజీలకి డబ్బిచ్చి, మా ఊరొచ్చి ఓడిపోయి వెళ్లండని పిలవడం అక్కడ మామూలే. నవంబర్ 26న డ్యూక్‌ని స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్ అనే టెక్సస్ కాలేజీ ఓవర్‌టైమ్‌లో 85-83తో కొట్టింది. బయటి కాన్ఫరెన్సుల (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపుల) జట్ల మీద ఇంటి దగ్గర వరసగా 150 ఆటలు గెలుస్తూ వచ్చిన డ్యూక్ పరంపర ఆ రాత్రితో తెగిపోయింది.

మర్నాటి పేపర్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. చిన్నోడు పెద్దోణ్ణి కొట్టాడు, అంతే. కానీ సీజన్ చివర చూస్తే ఎవాన్స్‌విల్ తన కాన్ఫరెన్సులో 18 ఆటలాడి 18 ఓడింది. స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్ 28 గెలిచి 3 ఓడింది. అంటే మొదటిది ఒక్క వల, రెండోది నిజమైన కౌంటు. ఈ తేడా నవంబర్‌లోనే పసిగట్టడానికి వీలుందా అంటే, కొంతవరకు ఉంది. డ్యూక్ ఆ రాత్రి బంతిని 22 సార్లు పోగొట్టుకుంది. ఎదుటివాళ్ల చేతిలోంచి బంతి లాక్కోవడంలో స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్ ఆ ఏడాదంతా దేశంలో ముందు వరసలో ఉంది. టర్నోవర్లు తెప్పించడం పద్ధతి. ఈవేళ కుదిరితే రేపూ కుదురుతుంది. ఎదుటి జట్టు మూడు పాయింట్ల షాట్లు పడకపోవడం మాత్రం సగానికి పైగా అదృష్టం. 6.75 మీటర్ల అవతలి గీత నుంచి వాడు వేసిన బంతి రింగు తగిలి బయటికొస్తే, అందులో కాపలా కాసినవాడి గొప్పతనం కొంచెమే. వాణ్ణి అసలు షాటే వేయనీకుండా చేశాడా అన్నది వేరే సంగతి, దాన్ని మెచ్చుకోవచ్చు. అందుకే నవంబర్‌లో "మూడు పాయింట్ల కాపలాలో దేశంలోనే మొదటి జట్టు" అని ఎవరైనా రాస్తే, వేసిన షాట్లలో ఎంత శాతం పడ్డాయన్నది వదిలేసి, అసలు ఎన్ని వేయనిచ్చారో వెతకండి.

బాక్స్ స్కోరు, అంటే ఆట అంకెల పట్టిక, చదివే వరస ఇదీ. ముందు పాయింట్లు చూడకండి. 40 నిమిషాల ఆటలో ఒక జట్టుకి ఎన్నిసార్లు బంతి వంతు వచ్చిందో లెక్కగట్టండి. వేసిన షాట్లలోంచి తను షాట్లు వేసే రింగు దగ్గర తప్పిన బంతిని తానే తిరిగి పట్టుకున్న రీబౌండ్లు తీసేయాలి. టర్నోవర్లు కలపాలి. ఫౌలు జరిగితే దక్కే ఫ్రీ త్రోల సంఖ్యని 0.475తో హెచ్చవేసి అదీ కలపాలి. సగం కూడా ఎందుకు కలపరంటే, బుట్టలో వేశాక వచ్చే అదనపు ఫ్రీ త్రోకి కొత్త వంతు ఖర్చు కాదు కాబట్టి.

ఊహకి ఒక జట్టు 60 షాట్లు వేసి 28 పడేసిందనుకుందాం, అందులో 8 మూడు పాయింట్లవి. 20 ఫ్రీ త్రోల్లో 16 పడ్డాయి. సొంత షాట్ల రీబౌండ్లు 10, టర్నోవర్లు 12. మొత్తం 80 పాయింట్లు. వంతులు 60లోంచి 10 పోగా 50, దానికి 12, దాని మీద 9.5. మొత్తం 71.5. నూరు వంతులకి దాదాపు 112 పాయింట్లు. మంచి లెక్కే. ఇప్పుడు షాట్ల నాణ్యత: పడిన 28కి మూడు పాయింట్ల వాటిలో సగం, అంటే 4 కలిపి 60తో భాగిస్తే 53 శాతం. టర్నోవర్లు వంతుల్లో 17 శాతం లోపు. ఎదుటివాళ్లు ఆ రింగు దగ్గర 24 రీబౌండ్లు పట్టారనుకుంటే, వీళ్లు పట్టిన 10 అంటే 34లో 29 శాతం. బాస్కెట్‌బాల్ లెక్కల నిపుణుడు డీన్ ఆలివర్ చెప్పిన నాలుగు స్తంభాలు ఇవే: షాటు, టర్నోవరు, రీబౌండు, ఫ్రీ త్రో. ఆయన లెక్కలో షాటుకి 40 పాళ్లు, టర్నోవర్‌కి 25, రీబౌండుకి 20, ఫ్రీ త్రోకి 15. మామూలుగా షాటుదే పెద్ద పాలు. నవంబర్‌లో మాత్రం ముందు టర్నోవరు, రీబౌండు చూసి, షాటు దగ్గరికి ఆఖర్న రావాలి. అన్నిటికంటే ముందుగా ఊగేదీ, ఆలస్యంగా కుదురుకునేదీ అదే.

ఇంకో చిక్కు ఉంది. డబ్బిచ్చి పిలిపించుకున్న జట్టు మీద 40 పాయింట్ల తేడాతో గెలిచినప్పుడు ఆఖరి పది నిమిషాలు బెంచీ పిల్లలు ఆడతారు. ఆ పది నిమిషాల అంకెలూ మొత్తంలో కలిసిపోతాయి. ప్లే బై ప్లే, అంటే ఆట క్షణక్షణం రాసిన చిట్టా, దొరికితే తేడా 20 దాటిన క్షణం దగ్గర గీత గీసి, అంతకు ముందుది మాత్రమే లెక్కేయండి. కొంచెం చాకిరీయే గానీ, రెండు ఆటలకి చేస్తే కళ్లు తెరుచుకుంటాయి.

ర్యాంకుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఏపీ పోల్ అంటే మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ వాళ్ల ఓటింగు. నవంబర్‌లో అది చాలావరకు సీజన్‌కి ముందు వేసిన ఊహ. ఆ ఊహలో 12వ స్థానం ఇచ్చిన జట్టుని గెలిచి "టాప్ 15ని కొట్టాం" అనుకోవడం పెళ్లిచూపుల ఫొటోని బట్టి సంసారం ఎలా ఉందో చెప్పడం లాంటిది. జట్ల బలాన్ని అంకెలతో కొలిచే కెన్ పామరాయ్ లెక్కలు మెరుగే, కానీ వాటిలోనూ సీజన్‌కి ముందటి అంచనా పాలు జనవరి దాకా కొంచెం కొంచెంగా తగ్గుతూ ఉంటుంది. మార్చి టోర్నమెంటుకి కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ వాడే నెట్ ర్యాంకింగు డిసెంబర్ మొదట్లో గానీ బయటికి రాదు. దాని మొదటి వర్గం విజయం అంటే ఇంట్లో 30లోపు ర్యాంకు వాళ్లని, తటస్థ కోర్టులో 50లోపు వాళ్లని, పరాయి ఊళ్లో 75లోపు వాళ్లని గెలవడం. పరాయి ఊరి గెలుపుకి వాళ్లు ఎంత విలువ కట్టారో ఈ మూడు అంకెలే చెప్తున్నాయి. ఎక్కడ ఆడారన్నది చూడకుండా స్కోరు చదవొద్దు.

తటస్థం అనే మాటకీ చిన్న తకరారు. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ వారంలో హవాయిలో, బహమాస్‌లో టోర్నమెంట్లు పెడతారు. మావీ టోర్నమెంటు జరిగే లహైనా హాల్లో పట్టేది 2,400 మందే. బహమాస్‌ది హోటల్ బాల్‌రూములో కోర్టు పరిచి ఆడతారు, పెళ్లి హాల్లో స్టేజీ తీసేసి రింగులు పెట్టినట్టు. రింగు వెనక ఖాళీ ఎంత ఉందో, లైట్లు ఎక్కడున్నాయో అలవాటు కాకముందే ఆట అయిపోతుంది. మూడు రోజుల్లో మూడు ఆటలు. మూడో రోజు షాట్లు రింగు ముందంచుకే తగులుతున్నాయంటే చెయ్యి తప్పిందని కాదు, కాళ్లు అయిపోయాయని. దూరపు షాటు బలం చాలావరకు కాళ్లలోంచే వస్తుంది.

ఇక స్లగ్గర్లు, అంటే బేస్‌బాల్‌లో బంతిని దూరంగా బాదే బ్యాటర్లు.

2006లో డెట్రాయిట్ టైగర్స్ ఫస్ట్ బేస్‌మన్ క్రిస్ షెల్టన్ మొదటి 13 ఆటల్లో 9 హోమ్ రన్లు (కంచె అవతల పడే దెబ్బలు) కొట్టాడు. సీజన్‌లోని 162 ఆటలకి సాగదీస్తే 112. మేజర్ లీగ్ రికార్డు బారీ బాండ్స్‌ది, 2001లో 73. అందుకే సాగదీయడం అనే లెక్కే వద్దంటాను. షెల్టన్ ఆ ఏడాది మొత్తం మీద కొట్టినవి 16. జూలై ఆఖరుకి కింది లీగుకి పంపేశారు. టైగర్స్ మాత్రం అతను లేకుండానే వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) దాకా వెళ్లారు.

దీనికి తలకిందులు 2024లో న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్. ఏప్రిల్ అయ్యేసరికి సగటు .200కి అటూఇటూ తచ్చాడుతోంది. న్యూయార్క్ జనం సొంత కెప్టెన్‌నే ఎగతాళిగా అరిచారు. సీజన్ ముగిసేసరికి .322 సగటు, 58 హోమ్ రన్లు, అమెరికన్ లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి బిరుదు). క్రికెట్ అలవాటైన వాళ్లకో మాట: ఇక్కడి సగటు పరుగులది కాదు, పది సార్లు ఆడితే ఎన్ని హిట్లు అన్నది. .300 అంటే పదికి మూడు. దాన్నే గొప్పంటారు.

షెల్టన్‌కీ జడ్జ్‌కీ ఏప్రిల్‌లో తేడా ఎలా తెలుసుకోవాలి? బేస్‌బాల్ అంకెలు పరిశోధించే రస్సెల్ కార్ల్టన్ ఎప్పుడో లెక్కగట్టాడు, ఏ అంకె ఎన్నిసార్లు బ్యాటింగుకి దిగాక నిలదొక్కుకుంటుందో. స్ట్రైకవుట్ల (మూడు స్ట్రైకులతో ఔటవడం) శాతానికి దాదాపు 60 సార్లు చాలు. వాక్‌లకి (నాలుగు చెడ్డ బంతులు పడితే ఉచితంగా ఫస్ట్ బేస్ దక్కడం) 120. హోమ్ రన్ల రేటుకి 170. బ్యాటింగ్ సగటుకి 910, అంటే ఒక సీజన్ కూడా సరిపోదు. రోజుకి నాలుగైదు సార్లు దిగేవాడికి ఏప్రిల్ మధ్యకి 60 పూర్తవుతాయి, మే మొదటి వారానికి 150. కాబట్టి ఏప్రిల్‌లో ఒక స్లగ్గర్ స్ట్రైకవుట్లు పోయినేడాది కంటే బాగా పెరిగాయంటే అది పట్టించుకోవాల్సిన సంగతి. సగటు .190 అంటే అది టీ కొట్టు కబురు.

2015 నుంచి మేజర్ లీగ్ మైదానాలన్నిట్లో బంతి కదలికని కొలిచే స్టాట్‌కాస్ట్ అనే ఏర్పాటు ఉంది కాబట్టి ఇప్పుడు మన పని తేలిక. బంతి బ్యాటు వదిలే వేగం గంటకి 95 మైళ్లు దాటితే గట్టి దెబ్బ. 98 మైళ్లకి పైన, 26 నుంచి 30 డిగ్రీల కోణంలో లేస్తే దాన్ని బ్యారెల్ అంటారు. వేగం పెరిగేకొద్దీ ఆ కోణానికి ఇచ్చే సడలింపూ పెరుగుతుంది. జడ్జ్ సగటు పడిపోయిన ఏప్రిల్‌లాంటి రోజుల్లో చూడాల్సింది ఇదే. గట్టి దెబ్బలు తగ్గకపోతే గాభరా లేదు, బంతులు నేరుగా ఫీల్డర్ల చేతుల్లోకి పోతున్నాయంతే. వేగం తగ్గితే మాత్రం ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండొచ్చు, ముందు మణికట్టూ పక్కటెముకలూ అనుమానించాలి.

అలాగని వేగమే సర్వస్వం అనుకోకండి. స్టాట్‌కాస్ట్ కొలిచినవాటిలో అతి గట్టి దెబ్బ పిట్స్‌బర్గ్ ఓనీల్ క్రూజ్‌ది, 2025 మేలో 122.9 మైళ్లు. ఆ ఏడాది అతని హోమ్ రన్లు 20, సగటు .200 దగ్గర. అదే ఏడాది కాల్ రాలీ 60 కొట్టాడు. పనిమీద క్యాచర్, రెండు చేతులా బ్యాటింగు చేస్తాడు. రోజంతా గొంతుకూర్చుని బంతులు పట్టేవాడి మోకాళ్లతో 60 అంటే, నా లెక్కలో 2022లో జడ్జ్ కొట్టిన 62 కంటే ఇదే కష్టం. ఒప్పుకోనివాళ్లు ఒక్క గంట గొంతుకూర్చుని చూడండి.

చలి సంగతి మర్చిపోవద్దు. డెట్రాయిట్, చికాగోల్లో ఏప్రిల్ రాత్రులు వణికిస్తాయి. చల్లగాలి చిక్కన, బంతికి అడ్డం ఎక్కువ. 400 అడుగులు పోయే బంతికి 10 డిగ్రీల ఫారన్‌హీట్ తేడా అంటే సుమారు 3 అడుగులు. ఏప్రిల్‌లో కంచె దగ్గర చేతికి చిక్కిన బంతులు జూలైలో అవతల పడతాయి. ఏప్రిల్‌లో కంచె ముందు పట్టుబడినవి ఎన్నో రాసిపెట్టుకుంటే వేసవికి ముందే కబురు మీ దగ్గరుంటుంది.

2025లో ఇంకో తమాషా. మార్చి 29న మిల్వాకీ జట్టు బ్రూవర్స్ మీద యాంకీస్ మొదటి మూడు బంతులకీ మూడు హోమ్ రన్లు కొట్టి, మొత్తం 9తో 20-9 గెలిచారు. మర్నాడు ప్రపంచమంతా టార్పెడో బ్యాటు మీద పడింది. ఉదయగిరి గరిటెలు చెక్కేవాళ్లకి చూపిస్తే ఠక్కున అర్థమవుతుంది: కొసలో ఉన్న చెక్క తీసి, బంతి ఎక్కువగా తగిలే నడిమికి తెచ్చారు. చూడ్డానికి అప్పడాల కర్రలా పొట్ట ఉబ్బి, కొస సన్నబడి ఉంటుంది. నిబంధనల ప్రకారం లావు 2.61 అంగుళాలు, పొడవు 42 అంగుళాలు దాటకూడదు. అది దాటలేదు కాబట్టి తప్పేమీ లేదు. ఆ ఆటలో మూడు కొట్టిన జడ్జ్ చేతిలో ఉన్నది మాత్రం పాత బ్యాటే. ఒక్క వలకే కౌంటు చెప్పడం అంటే ఇదే.

చూడాలనుకునేవాళ్లకి టైములు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి పెడతారు. ఆపైన తూర్పు తీరంలో రాత్రి 7 గంటల బాస్కెట్‌బాల్ మనకి తెల్లారి 5.30కి. అక్కడ శనివారం మధ్యాహ్నం 12 గంటల ఆట మనకి అదే రాత్రి 10.30కి. ఏప్రిల్‌లో గడియారం ముందుకి జరిగి ఉంటుంది కాబట్టి యాంకీస్ 7.05 ఆట మనకి 4.35కే. లేవలేనివాళ్లు లాస్ ఏంజెలెస్ ఆటలు పెట్టుకోండి. డాడ్జర్స్ ఇంటి ఆట అక్కడ 7.10 అంటే మనకి ఉదయం 7.40. మొదటి ఇన్నింగ్స్ అయ్యేలోపు కారం దోశ ప్లేట్లోకి వచ్చేస్తుంది.