తలుపు వేయని ఇంట్లో పిల్లి

“అమ్మమ్మా, ఈ ఇంటి తలుపు ఎప్పుడు వేస్తారు?” అని అడిగింది నా కూతురు.

“రాత్రి పడుకునే ముందు” అంది మా అమ్మ, ఇదేం ప్రశ్న అన్నట్టు.

ఆ జవాబు వినగానే మా అమ్మాయి పిల్లిని చంకన వేసుకుని వెనక గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. నల్లగొండ వచ్చిన కొత్తలో పిల్లా, పిల్లీ ఆ గదిలోనే కాపురం పెట్టారు. అన్నం కూడా అక్కడికే పంపాల్సి వచ్చింది.

నాన్న ఆరోగ్యం బాగా లేదని, ఒక ఏడాది ఇక్కడే ఉందామని డాలస్ నుంచి వచ్చాం. మా పిల్లి బిస్కట్‌ను వదిలి రానని అమ్మాయి భీష్మించుకుంది. రేబిస్ టీకా కాగితాలు, చర్మం కింద 15 అంకెల మైక్రోచిప్, పశువైద్యుల ధ్రువపత్రం, అనుమతులు అన్నీ సమకూరాక పిల్లి కూడా మాతో పాటు శంషాబాద్‌లో దిగింది. కాగితాల పని ఓపిక పడితే అయిపోయింది. ఇంటి పని అలా కాదు. డాలస్‌లో ఏసీ పుణ్యమా అని కిటికీలు తెరిచే అవసరమే తక్కువ. ఇక్కడ మే నెలలో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. సాయంత్రం కరెంటు పోయిందంటే ముందుగా కిటికీ రెక్కలన్నీ తెరుస్తారు.

రామగిరిలోని మా ఇంటి కిటికీలకు ఇనుప ఊచలున్నాయి, వాటికి లోపలి వైపు వెల్క్రోతో అంటించిన దోమల జాలి ఉంది. ఆ జాలి దోమను ఆపడానికి పెట్టింది, నాలుగు కిలోల పిల్లిని ఆపడానికి కాదు. ఆ తేడా మాకు ఒక బల్లి వల్ల తెలిసింది. రాత్రి ట్యూబులైటు వెలుతురుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం బల్లి వచ్చి జాలికి బయటి వైపు అంటుకుంటుంది. లేత గులాబీ రంగు పొట్ట, గుండ్రటి వేలికొసలు లోపలి నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. బిస్కట్ కాసేపు దవడ వణికిస్తూ చూసి ఒక్క ఉదుటున జాలి మీదకు దూకింది. గోళ్లు కన్నాల్లో దిగబడి నిలువునా వేలాడింది. ఆ బరువుకు కింది మూల చర్రుమని ఊడింది. మరుసటి రోజు నుంచి దూకడం మానేసింది. నేరుగా ఆ మూలకే వెళ్లి నుదుటితో నెట్టడం మొదలుపెట్టింది.

ఊచలు ఆపుతాయిలే అనుకోవడానికి లేదు. మనకు ఉన్నట్టు పిల్లి కాలర్ ఎముకలు మిగతా ఎముకలతో కలిసి ఉండవు, కండరాల మధ్య వదులుగా ఉంటాయి. అందుకే తల పట్టిన సందులో ఒళ్లంతా పట్టేస్తుంది. బిస్కట్ పై అంతస్తు కిటికీలోంచి సజ్జ మీదకు చేరినప్పుడు అమ్మాయి ఏడుపు వీధి చివరి దాకా వినిపించింది. పిల్లి ఎక్కడి నుంచి పడినా కాళ్ల మీదే నిలబడుతుందని మా తమ్ముడు ధైర్యం చెప్పబోయాడు. ఆ మాట చాలామంది నమ్ముతారు. న్యూయార్క్‌లో ఎత్తైన భవనాల నుంచి పడి ఆస్పత్రికి వచ్చిన 132 పిల్లుల వివరాలను అక్కడి పశువైద్యులు 1987లో ప్రచురించారు. చికిత్స అందిన వాటిలో 90 శాతం బతికాయి. బతికాయన్న మాటే అందరికీ గుర్తుండిపోయింది. ఛాతీకి, దవడకు తగిలిన దెబ్బల సంగతి ఎవరూ చెప్పరు. పైగా మా వీధిలో కింద పడ్డాక కుక్కలుంటాయి.

వడ్రంగిని పిలిపించాం. ఇంట్లో పిల్లిని పెంచుకునేవాళ్లు ఆయన దగ్గర నేను నేర్చుకున్నది తప్పక తెలుసుకోవాలి. జాలి ఎంత గట్టిదన్న దాని కంటే దాన్ని పట్టుకున్న చట్రం ఎంత గట్టిదన్నదే ముఖ్యం. ఫైబర్ గ్లాస్ జాలి గోళ్లకు చిరుగుతుంది. పెంపుడు జంతువుల కోసమే అమ్మే మందపాటి పాలిస్టర్ జాలిని మేం డాలస్ నుంచి తెచ్చాం. అది అంత తేలిగ్గా చిరగదు, కానీ గాలిని కూడా సరిగ్గా రానివ్వదు. నల్లగొండ ఎండాకాలంలో అది కుదిరే పని కాదు. చివరకు స్టెయిన్‌లెస్ స్టీలు జాలిని టేకు చట్రానికి బిగించి, అంచుల మీద చెక్క బద్దలు పెట్టి, మేకులు కాకుండా స్క్రూలు వేయించాం. చట్రాన్ని ఊచలకు ఆనుకునేలా గది వైపు నుంచి అమర్చారు. పిల్లి ఎంత నెట్టినా ఊచలకే ఒత్తుకుంటుంది తప్ప ఊడి రాదు. పక్కకు జరిపే జాలి అయితే గడియ ఉండి తీరాలి, లేకపోతే పంజాతో జరుపుతుంది. అయస్కాంతాలతో అతుక్కునే తెరలను పిల్లి తలతో తోసుకుని వెళ్లిపోతుంది. వాటి మీద డబ్బు పెట్టకండి.

కిటికీల సంగతి అలా తేలింది. తలుపు దగ్గరే చిక్కు వచ్చింది.

తలుపుకు మందు ఒక్కటే, రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తీయాలి. వరండాకు ఇనుప గేటు ఎలాగూ ఉంది, దానికీ స్టీలు జాలి కొట్టించాం. మరి ఆ గేటు పగలంతా మూసి ఉండాలి కదా! మా ఇంట్లో అది నా చిన్నప్పటి నుంచి ఎన్నడూ జరగలేదు. ఎదురింటి అత్తయ్య మాట్లాడుతూనే వంటింటి దాకా వచ్చేది. కరివేపాకు కోసుకుని, ఏం కూర వండారో గిన్నె మూత తీసి చూసి, నాన్నను పలకరించి వెళ్లేది. ఇప్పుడు గేటు బయట ఆగి పిలుస్తోంది. నేను చేతులు తుడుచుకుని వెళ్లేలోపు “మళ్లీ వస్తాలే” అని వెళ్లిపోయిన రోజులున్నాయి.

“తలుపు వేసి ఉంటే మనిషి రాదు బిడ్డా” అంది అమ్మ. నిష్ఠూరంగా కూడా అనలేదు. మంచం మీదున్న నాన్నకు ఆ వచ్చిపోయేవాళ్లే రోజు గడిచే దారి. అది తెలిసీ నేను గేటు మూయిస్తున్నాను. నా కూతురు ఇలాంటి ఇంట్లో కొన్నాళ్లు మెలగాలనే కదా, ఇక్కడికి వచ్చేటప్పుడు అందరికీ అంత గొప్పగా చెప్పాను!

దీని మీద అమ్మాయితో మాటా మాటా పెరిగింది. రోజంతా గదిలో ఎందుకు, వీధిలో పిల్లలతో ఆడుకో, కొట్టుకు వెళ్లి పెరుగు తీసుకురా అని నేను పట్టుబట్టాను. “బిస్కట్‌కు బయట ప్రమాదమని జాలి కొట్టిస్తావు. నన్ను మాత్రం బయటికి పొమ్మంటావు” అంది. పిల్లికి వీధి తెలియదు, నువ్వు నేర్చుకుంటావు అన్నాను. “డాలస్‌లో పార్కుకు కూడా ఒంటరిగా పంపవు కదా. అక్కడి వీధి నాకు తెలుసు” అంది.

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. డాలస్‌లో వీధి మలుపు దాటనివ్వని నేను ఇక్కడ ఎందుకు తొందరపెడుతున్నాను? ఇది నేను పెరిగిన వీధి కాబట్టి. కానీ నేను పెరిగిన వీధిలో ఇన్ని బైకులు లేవు, ఇంతమంది కొత్తవాళ్లు అద్దెకు ఉండేవారు కాదు. నా నమ్మకమంతా అప్పటి వీధి మీద, బిడ్డను పంపేది ఇప్పటి వీధికి. తన చిన్నతనాన్ని నా చిన్నతనంలా చేయాలన్న పంతం నాలో గట్టిగా ఉంది. అది ప్రేమే. కానీ అందులో తన కోసం ఎంత, నా కోసం ఎంత అన్నది విడదీయలేకపోతున్నాను.

ఈమధ్య గేటు తీసే పని అమ్మాయి తీసుకుంది. పిల్లి ఎక్కడుందో చూసుకుని, లోపలి తలుపు దగ్గరకు వేసి, అప్పుడు గేటు తీస్తుంది. పాలాయన, కూరగాయలామె, ఎదురింటి అత్తయ్య అందరూ ఇప్పుడు అమ్మాయిని పేరు పెట్టి పిలుస్తున్నారు. వచ్చినవాళ్లను “త్వరగా రండి, త్వరగా రండి” అని లోపలికి లాగి గేటు వేస్తుంది. రమ్మనడం నేర్చుకుంటోందా, కాపలా నేర్చుకుంటోందా అని నేను పక్కనే నిలబడి చూస్తుంటాను. అత్తయ్య మాత్రం మళ్లీ వంటింటి దాకా వస్తోంది.

గేటు పాత గడియ వదులైంది, కొత్తది వేయించాలి. పిల్లి పంజాకు అందకుండా ఎత్తులో ఉండాలని అమ్మాయి అంటోంది. భుజం నొప్పితో అంత ఎత్తుకు చేయి లేవదని అమ్మ అంటోంది. వడ్రంగి రేపు వస్తానన్నాడు, ఇద్దరూ ఇంకా ఒక మాట మీదకు రాలేదు.