మా బాల్ పైథాన్ తిండి ముట్టేదాకా: నా అనుభవం

పాముకు హీటర్ పెట్టానంటే నల్లగొండలో ఎవరూ నమ్మరు. ఏప్రిల్ వచ్చిందంటే స్లాబు కింద మనుషులే ఉడికిపోయే ఊరు మాది. కానీ డిసెంబర్, జనవరి రాత్రుళ్ల సంగతి వేరు. సరిగ్గా ఆ చలిలోనే చిట్టి మా ఇంటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి తిండి ముట్టలేదు.

చిట్టి బాల్ పైథాన్, కొండచిలువల కుటుంబంలోని చిన్న పాము. పశ్చిమ, మధ్య ఆఫ్రికా జాతి. విషం ఉండదు. భయపడితే తలను మధ్యలో దాచుకుని ఉండలా చుట్టుకుంటుంది. మా చిన్నమ్మ కొడుకు చదువు కోసం విదేశానికి వెళ్తూ నాకు అప్పజెప్పాడు. ముందు కాగితాల పని చూసుకున్నాం. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇలాంటి విదేశీ జీవులు నాలుగో షెడ్యూల్ కిందికి వస్తాయి. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, చేతులు మారితే అదీ తెలపాలి. మన గుట్టల్లో, పొలాల్లో కనిపించే కొండచిలువను మాత్రం ఇంట్లో పెట్టుకోవడమే నేరం. అది మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఈ తేడా తెలియకుండా పాముల మీద మోజు పడే పిల్లలను చూస్తే నాకు భయం వేస్తుంది.

"ఏం రంధి పెట్టుకున్నదో బిడ్డా, అందుకే తింటలేదు" అంది నానమ్మ. ఆమె మాట ఒట్టిది కాదు. చోటు మారినా, దాక్కోవడానికి ఇరుకైన చోటు లేకపోయినా ఈ జాతి తిండి మానేస్తుంది. అందుకే అది ఉండే గాజు ట్యాంకులో వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, దాని ఒళ్లు ఆనుకునేంత చిన్న గూళ్లు పెట్టాను. మూడు వైపులా అట్టలు అంటించాను. చేతిలోకి తీసుకోవడం పూర్తిగా ఆపేశాను. అయినా తినలేదు.

అప్పుడు ఉష్ణోగ్రత మీద పడ్డాను. ట్యాంకుతో పాటు వచ్చిన గుండ్రటి థర్మామీటర్ గోడకు అంటించి ఉంటుంది. అది చెప్పేది గాలి వేడి. పాము ఉండేది నేల మీద. టెంపరేచర్ గన్ తెప్పించి నేల మీద కొట్టి చూస్తే వెచ్చని గూడులో 27 డిగ్రీలే ఉంది. అక్కడ 31 నుంచి 33 దాకా ఉండాలి. చల్లని వైపు 25, 26 సరిపోతుంది. పాము చల్లటి రక్తపు జీవి, తిన్నది అరగాలంటే ఒంటికి బయటి వేడి కావాలి. కడుపులో ఎలుక ఉండగా ఒళ్లు చల్లబడితే కక్కేసే ప్రమాదం ఉంది. ఆ వేడి లేదని దానికి తెలుసు కాబట్టే నోరు కట్టుకుందని నా నమ్మకం.

హీట్ మ్యాట్‌ను, అంటే కరెంటుతో వేడెక్కే పల్చటి పట్టాను, ట్యాంకు అడుగున, బయటి వైపు, మూడో వంతు మేర అంటించాను. పెట్టిన వేడి దాటకుండా కరెంటు ఆపే థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ పెట్టకండి, ఈ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. కంట్రోల్ లేని మ్యాట్ అద్దాన్ని చెయ్యి పెట్టలేనంతగా కాలుస్తుంది. పాముకు కింద పొట్ట కాలుతున్నా సమయానికి పక్కకు జరగాలని తెలియదు. షాపుల్లో అమ్మే హీట్ రాళ్లు కూడా ఇందుకే వద్దు. థర్మోస్టాట్ సెన్సర్ వైరును మ్యాట్‌కు సరిగ్గా పైన, పాము కదిలించలేని విధంగా బిగించాలి. అది ఊడి చల్లని వైపు పడితే, ఇంకా వేడి చాలలేదనుకుని మ్యాట్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది. మ్యాట్ నేలనే వేడి చేస్తుంది, గాలిని కాదు. కాబట్టి చలి రాత్రులకు పైన వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ బల్బు ఒకటి, పాము చుట్టుకోకుండా దానికి జాలీ, దానికీ వేరే థర్మోస్టాట్. కరెంట్ పోతే మొత్తం ఇన్వర్టర్ మీద నడుస్తుంది. అదీ అయిపోతే వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి ట్యాంకు బయట ఆనించి, పైన దుప్పటి కప్పుతాను, గాలికి సందు వదిలి.

ఇక ఎలుకలు. వీధిలో వాళ్లు బోనులో పడ్డ ఇంటి ఎలుకలను ప్రేమగా తెచ్చిస్తారు. దండం పెట్టి వద్దంటాను. అవి ఎక్కడో ఎలుకల మందు తిని ఉండొచ్చు, పురుగులు కూడా ఉంటాయి. బతికిన ఎలుకను వదిలితే అది పామునే కొరుకుతుంది. హైదరాబాద్‌లో తెల్ల ఎలుకలు పెంచే ఒకాయన చంపి, గడ్డకట్టించి, థర్మోకోల్ డబ్బాలో ఐసు వేసి బస్సులో పంపిస్తాడు. అమ్మ వంటింటి ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు, అది న్యాయమే. చిన్న పాత ఫ్రిజ్ ఒకటి దీనికే కొన్నాను.

రాత్రి కవరుతో సహా ఫ్రీజర్ నుంచి కింది అరలోకి దించుతాను. మరుసటి సాయంత్రం ఆ కవరునే వేడినీళ్లలో ముంచుతాను. మైక్రోవేవ్ వద్దు, లోపల ఉడికిపోతుంది. పొట్ట నొక్కితే మధ్యలో గడ్డ తగలకూడదు. గన్‌తో చూస్తే తల దగ్గర 38 డిగ్రీలు రావాలి. బాల్ పైథాన్‌కు పెదవుల మీద వేడిని పసిగట్టే చిన్న గుంటలు ఉంటాయి. చల్లగా ఉన్న ఎలుక దాని లెక్కలో ఎలుకే కాదు.

వేడి సర్దుకున్న వారానికి, లైటు తీసేసి, పొడవాటి పట్టకారుతో గూడు ముందు ఎలుకను పట్టుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ముక్కు బయటికి వచ్చింది. నాలుక ఆడించడం నెమ్మదించింది, మెడ వంకర తిరిగింది, ఒక్కసారిగా కొట్టింది. పట్టకారు నా చేతిలో అదిరింది. చనిపోయిన ఎలుకనే గట్టిగా చుట్టేసి, ఊపిరి తీస్తున్నట్టే పిసికింది. ఆ తర్వాత చుట్లు సడలించి, ముక్కుతో తడుముతూ తల వెతుక్కుని, ఒక దవడ తర్వాత ఇంకో దవడ ముందుకు జరుపుతూ మింగింది. ఆనందం పట్టలేక అరవబోయి ఆపుకున్నాను. తిన్నాక రెండు రోజులు దాన్ని ముట్టుకోకూడదు.

వేసవికి కథ తిరగబడింది. రోహిణి కార్తెలో గదే 36 డిగ్రీలు ఉంటే హీటర్‌తో పనేముంది? 35 దాటిన వేడిలో ఎక్కువసేపు ఉంటే పాము ప్రాణానికే ముప్పు. మ్యాట్ దానంతట అదే ఆగిపోయింది. ట్యాంకును కింది అంతస్తులో, ఉత్తరం గోడ పక్కకు మార్చి కూలర్ పెట్టాం. వడగాలికి ఎండిపోయే గాలికి కూలర్ తేమ కూడా ఇస్తుంది. ట్యాంకులో 60 శాతం దాకా తేమ ఉండాలి, లేకపోతే కుబుసం ముక్కలుముక్కలుగా ఊడుతుంది. మధ్యాహ్నాలు గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి చల్లని వైపు అద్దానికి బయట ఆనిస్తాను. పాము నీళ్ల గిన్నెలోనే పడుకుని లేవట్లేదంటే ముందు వేడి చూడాలి, తర్వాత ఒంటి మీద పురుగులున్నాయేమో చూడాలి.

నాగుల పంచమికి పక్కింటి అత్త గిన్నెతో పాలు తెచ్చింది. పాము పాలు తాగదని చెప్తే నొచ్చుకోలేదు, దూరం నుంచి దండం పెట్టుకుని వెళ్లింది.

ఇప్పుడు చిట్టి 600 గ్రాముల పైన ఉంది. పది, పన్నెండు రోజులకు ఒకసారి తన ఒంటి లావు మించని ఎలుక ఒకటి. కుబుసం ముందు కళ్లు నీలంగా మారినప్పుడు తిండి చూపించను కూడా చూపించను. చలికాలంలో ఈ జాతి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తినకపోవచ్చు. అందుకే వంటింటి త్రాసుతో నెలకు రెండుసార్లు తూచి నోటుబుక్కులో రాస్తున్నాను. బరువు నిలకడగా ఉంటే వదిలేస్తాను. పదో వంతు తగ్గినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కులో బుడగలు కనిపించినా పాములు చూసే డాక్టర్ కోసం హైదరాబాద్ బండి ఎక్కాల్సిందే.