నెమలిగుండం నీళ్లు మా చెరువుకు రావట!

మాది కంభం. చెరువు కింద రెండెకరాలుంది. చెరువు నిండిందా, అలుగు పారిందా అన్న మాటలు వింటూ పెరిగాను గానీ, దాన్ని నింపే గుండ్లకమ్మ ఏరు పైన అడవిలో ఎలా ఉంటుందో నలభై దాటినా చూడలేదు. మొన్న శ్రావణంలో మామ వెంట వెళ్లాను.

రాచర్ల మండలం జేపీ చెరువు దాటి నల్లమలలోకి పోతే నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి. శనివారం ఒక్కరోజే తీస్తారు. గుడి పక్కనే ఏరు రాళ్ల మీద నుంచి గుండంలోకి దూకుతోంది. మయూర మహర్షి నెమలి రూపంలో ముక్కుతో తవ్విన గుండమట. ఆ చప్పుడుకు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేం, ఈ ఏడు వరికి ఢోకా లేదనుకున్నా.

మామ వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుని చూశాడు.

"తేటగా ఉండాయిరా. ఇది ఊట నీళ్లు. కొండమీద వాన పడుంటే ఎర్రగా, వెదురాకులు మోసుకొని వస్తాయి. ఇవి చెరువుకు రావు, దోవలో ఇసకే తాగేస్తాది."

ఈ ఏరు పుట్టింది ఇంకా పైన, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. అదే నల్లమలలో పుట్టిన సగిలేరు గిద్దలూరు మీదుగా దక్షిణానికి పోయి పెన్నలో కలుస్తుంది. మాది తూర్పు పట్టి సొంతంగా సముద్రం చేరుతుంది. అక్కచెల్లెళ్లను చెరో దిక్కుకు ఇచ్చినట్టు!

తిరిగొస్తుంటే మామ చెప్పిందే కనబడింది. అడవి దాటిన కాసేపటికే నీటిపాయ సన్నబడి, ఇంకాస్త ముందుకొచ్చేసరికి పొడి ఇసుక. పొద్దున విన్న చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది, ఇక్కడేమో మేకలు అడ్డంగా నడిచిపోతున్నాయి.

సాయంత్రం చెరువుకట్ట ఎక్కాం. గుండ్లకమ్మ, జంపలేరు కలిసి వచ్చే చోట రెండు కొండల సందును మూసేసిన కట్ట ఇది. కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందంటారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల్లో చేర్చారు. చుట్టాలెవరొచ్చినా ఆ ముక్క చెప్పకుండా వదలను. మామకు అవేవీ పట్టవు. చెరువుకు వీపు పెట్టి నల్లమల వైపే చూస్తున్నాడు. మబ్బు తునక లేదు.

"వరి వద్దులేరా," అన్నాడు బీడీ వెలిగిస్తూ. "మొక్కజొన్న ఏసుకో."