కాంటా దగ్గర ఎండ

మా ఊరు పరకాల పక్కన. మహిళా సంఘాల తరఫున నడిచే వడ్ల కొనుగోలు కేంద్రంలో పనిచేస్తాను. వానాకాలం పంట కొనుగోళ్లు నవంబరులో మొదలైతే ఒక్కోసారి జనవరి దాకా సాగుతాయి. తేమ మిషన్‌తో వడ్లు చూడాలి, 17 శాతం లోపు వస్తేనే కాంటా పెట్టాలి, బస్తాల లెక్క రాయాలి. నీడ అంటే ఒక్క వేపచెట్టు. పొద్దున పూట చలికి అందరం కావాలనే ఎండలోకి కుర్చీలు జరుపుకునేవాళ్లం. ఒంటికి ఎంతో హాయిగా ఉండేది.

రెండో కాన్పు తర్వాత నా రెండు చెంపల మీద, ముక్కు దూలం మీద మంగు మచ్చలు వచ్చాయి. మా అమ్మకూ ఉండేవి. జాజికాయ అరగదీసి పెట్టాను, పచ్చిపాలు రాశాను. తగ్గలేదు. చివరికి మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. "రాత్రి పూట పెట్టు అక్కా, పదిహేను రోజుల్ల తేడా నువ్వే చూస్తవ్" అన్నాడు ఆ అబ్బాయి. అన్నట్టే రెండు వారాల్లో మచ్చలు పలచబడ్డాయి, మొహం నిగనిగలాడింది. సంఘం మీటింగులో ఇద్దరు అడిగితే ఆ క్రీము పేరు నేనే రాసిచ్చాను. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఏడాదిన్నర రాశాను. ఆపిన వారంలోనే మచ్చలు మునుపటికంటే నల్లగా తేలేవి, భయపడి మళ్లీ రాసేదాన్ని. ఆ డిసెంబరులో కాంటా దగ్గర కూర్చున్నప్పుడు మంట మొదలైంది. చల్లగాలి తగులుతున్నా చెంపలు కారం పూసినట్టు మండేవి. గడ్డం చుట్టూ సన్నని కురుపులు, చెవుల ముందు నూగు వెంట్రుకలు వచ్చాయి. అద్దం దగ్గరగా పెట్టి చూస్తే ముక్కు పక్కన ఎర్రదారపు పోగుల్లాంటి నరాలు కనిపించాయి. క్రీము ఆపేస్తే నాలుగో రోజుకు మొహం వాచి, చర్మం పొట్టు రాలింది. "చెల్లె, మొఖం గట్లయిందేంది, ఏమన్న కరిసిందా?" అని ఒక రైతు అందరి ముందూ అడిగాడు. ఏడుపు ఆగలేదు. వడ్ల దుమ్ము కంట్లో పడిందని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

హన్మకొండలో చర్మవ్యాధుల డాక్టరు మొదట ఆ ట్యూబు చూపించమన్నారు. దాని మీద నిలువుగా ఉన్న ఎర్రగీత చూపించి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది అన్నారు. అందులో మూడు మందులు కలిసి ఉన్నాయట: మచ్చను తెల్లబరిచేది ఒకటి, పైపొరను ఊడగొట్టేది ఒకటి, మూడోది స్టెరాయిడ్. నెలల తరబడి రాస్తే స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది. ఆ పలచని చర్మంతో నేను రోజంతా ఎండలో కూర్చున్నాను.

"సన్‌స్క్రీన్ రాస్తారా అమ్మా?" అని అడిగారు. చలికాలంలో ఎందుకండీ అన్నాను. అప్పుడు ఆయన చెప్పిన మాట నాకు బాగా నాటుకుంది. మనకు వెచ్చగా తగిలేది వేరు, మచ్చను నల్లబరిచే అతినీల లోహిత కిరణాలు వేరు. వాటిలో యూవీఏ అనే రకం చలికాలంలోనూ ఉంటుంది, అద్దంలోంచి కూడా దూరి వస్తుంది. మేలో ఎండ చుర్రుమంటే మనమే నీడకు పరుగెత్తుతాం. డిసెంబరులో చుర్రుమనదు కాబట్టి గంటల కొద్దీ కూర్చుంటాం. మధ్యాహ్నం మీ నీడ ఎంత పొడుగుందో చూసుకోండి అన్నారు. మరునాడు పన్నెండు దాటాక చూశాను. అంత చలికాలంలోనూ నా నీడ నాకంటే పొట్టిగానే ఉంది. మన వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి, డిసెంబరు చివర్లో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకు వస్తాడు.

క్రీము మానేశాక కొన్ని వారాలు ఇంకా ఎక్కువవుతుందని, భయపడి మళ్లీ ముట్టుకోవద్దని ముందే చెప్పారు. ఆ మూడు వారాలు నరకమే. రాత్రిళ్లు తడిగుడ్డ మొహం మీద వేసుకుని పడుకునేదాన్ని. స్టెరాయిడ్ లేని ఆయింట్‌మెంట్, వాసన లేని మాయిశ్చరైజర్, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, ఇవే నా మందులు. మంట తగ్గడానికి రెండు నెలలు, ఎర్రదనం తగ్గడానికి ఆరు నెలలు పైనే పట్టింది.

సన్‌స్క్రీన్ రాయడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. శనగగింజంత రాసి సరిపోయిందనుకునేదాన్ని. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికి, మెడకు సరైన కొలత. ఎండకు కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె కనీసం 30 ఉండాలి, పక్కన యూవీఏను ఆపే బలం చెప్పే పీఏ అనే అక్షరాలు, వాటి తర్వాత ప్లస్ గుర్తులు ఉండాలి. మంగుకు మామూలు వెలుతురు కూడా పడదు కాబట్టి, కొంచెం చర్మం రంగు కలిపినది వాడమన్నారు. దాంతో బూడిద పూసినట్టు తెల్లగా కనబడే బాధ కూడా పోయింది. రెండు గంటలకోసారి తడిగుడ్డతో వడ్ల దుమ్ము అద్దుకుని మళ్లీ రాస్తాను. గొడుగు కూడా వేసుకుంటాను.

"సలికాలం ఎండ బొక్కలకు మంచిది బిడ్డా, నువ్వేమో గొడుగు పడుతవ్" అని మా అత్తమ్మ బాధపడింది. చేతులకు, కాళ్లకు తగలనిస్తున్నానత్తమ్మా, మొహం ఒక్కటే దాస్తున్నానని చెప్పాను.

మచ్చలు పూర్తిగా పోలేదు. ఎడమ చెంప మీద లేత ఛాయ మిగిలింది, అది ఉన్నా నాకు దిగులు లేదు. గాలి తగిలితే మండని మొహం నాకు మళ్లీ దొరికింది.

ఆ క్రీము పేరు రాసిచ్చిన ఇద్దరి ఇళ్లకూ వెళ్లాను. ఒకామె ఎప్పుడో మానేసింది. ఇంకొకామె ఇంకా రాస్తోంది, బుగ్గలు అప్పటి నా బుగ్గల్లాగే ఎర్రగా ఉన్నాయి. సోమవారం కాంటాకు సెలవు పెట్టి ఆమెను హన్మకొండ తీసుకెళ్తున్నాను. ట్యూబు పారేయకుండా వెంట తెమ్మన్నాను.