కేబుల్ పీకగానే గ్రాఫ్ పడుకుంది

క్యూబ్‌శాట్ (చిన్న డబ్బా అంత శాటిలైట్) మీద లాంగ్‌మ్యూర్ ప్రోబ్ పెట్టడం పెద్ద పనేం కాదనుకున్నాను మొదట్లో. ఒక లోహపు సూదిని ప్లాస్మాలోకి (ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరిగే వాయువులోకి) చాపి, వోల్టేజ్ మారుస్తూ ఎంత కరెంట్ వస్తోందో చూసి, అక్కడి ఎలక్ట్రాన్ల సాంద్రత, ఉష్ణోగ్రత లెక్కకట్టడమేగా. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1920ల్లో గాజు గొట్టాల్లో చేసిన పనే ఇది.

ప్లాస్మా నింపిన టెస్ట్ చాంబర్‌లో బయటి సప్లై మీద నడిపినంతసేపూ గ్రాఫ్ పుస్తకంలో బొమ్మలా వచ్చింది. బ్యాటరీ మీదికి మార్చామో లేదో, ఒక వోల్టేజ్ దాటాక కరెంట్ పెరగడమే మానేసింది. రెండు రోజులు ఆంప్లిఫయర్‌ని తిట్టుకున్నాం. పాపం దాని తప్పేం లేదు, పవర్ కేబుల్ పీకినప్పుడు చాంబర్ గోడ ద్వారా డబ్బాకి దొరుకుతున్న గ్రౌండ్ (కరెంట్ తిరిగి వెళ్ళే దారి) కూడా పోయింది, అంతే.

కక్ష్యలో ఆ గోడ ఎలాగూ ఉండదు. ప్లస్‌లో ఉన్న సూది ఎలక్ట్రాన్లని లాగుతుంటే, లెక్క సరిపోవడానికి శాటిలైట్ ఒళ్ళు అంతే కరెంట్‌కి సరిపడా ప్లస్ చార్జ్ ఉన్న అయాన్లని పోగేసుకోవాలి. ఎలక్ట్రాన్లు సెకనుకి దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి, ఆక్సిజన్ అయాన్లకి 1 కిలోమీటరే గగనం, శాటిలైట్ మాత్రం 7.5 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటుంది కాబట్టి ఎదురొచ్చి తగిలే అయాన్లే దిక్కు, వెనకవైపు దాదాపు ఖాళీ. పెద్ద శాటిలైట్‌కి ఎలాగో గడిచిపోతుంది. 10 సెంటీమీటర్ల డబ్బాకి, అదీ సగం పైగా సోలార్ సెల్స్ గాజు కప్పేసినదానికి, లోహం ఎక్కడ మిగిలింది? ఒళ్ళే మైనస్‌లోకి జారిపోతుంది. మనం 5 వోల్టులు ఇచ్చామనుకుంటాం, ప్లాస్మాకి కనబడేది అంతకన్నా తక్కువ. నాకు టెన్షన్ పెట్టేది ఏంటంటే, డేటా చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత మాత్రం తప్పుగా వస్తుంది.

ఓస్లో యూనివర్సిటీ వాళ్ళ సూదుల పద్ధతి నాకు నచ్చింది ఇందుకే. 0.51 మిల్లీమీటర్ల మందం, 25 మిల్లీమీటర్ల పొడవున్న నాలుగు సూదులకి నాలుగు వేర్వేరు స్థిర వోల్టేజీలు ఇస్తారు. కరెంట్ వర్గాన్ని వోల్టేజ్‌కి ఎదురుగా గీస్తే వచ్చే వాలు నుంచి సాంద్రత తెలుస్తుంది, ఉష్ణోగ్రత తెలియక్కర్లేదు. ఒళ్ళు కాస్త జారినా నాలుగూ కలిసే జారతాయి కాబట్టి వాలు మారదు (సూదులు ప్లాస్మా కన్నా ప్లస్‌లో ఉన్నంతవరకే సుమా). పైగా స్వీప్ చేస్తూ (వోల్టేజ్‌ని వరసగా మారుస్తూ) కూర్చోనక్కర్లేదు, సెకనులో 7.5 కిలోమీటర్లు దాటిపోయే చోట అది చిన్న లాభం కాదు. చిక్కల్లా ఆ సూత్రం సూది అనంతమైన పొడవుందనుకుని రాసింది, మన 25 మిల్లీమీటర్లు అనంతం కాదుగా, సాంద్రత లెక్కలో ఆ తేడా కనబడుతుంది.

ఇప్పుడు మా చాంబర్ టెస్టులన్నీ బ్యాటరీ మీదే, డేటా కరెంట్ పారని ఆప్టికల్ ఫైబర్‌లో. ఎవరో ఒకరు మళ్ళీ కేబుల్ గుచ్చేసి గ్రౌండ్ కలిపేస్తారని బయటి యూఎస్‌బీ కనెక్టర్‌కి టేప్ కూడా వేశాం.